తట్టి చూసే నాన్నతో సముద్రానికి

మా నాన్న దేన్నీ చూసి నమ్మేవాడు కాదు, తట్టి విని నమ్మేవాడు. రాయపూర్ స్టేషన్లో ఆయన ఉద్యోగమే అది. బండి వచ్చి ఆగగానే పొడుగాటి కర్ర ఉన్న సుత్తి పట్టుకుని ఒక్కో పెట్టె దగ్గరా వంగి, చక్రం మీద ఠంగున కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుందనీ, పగులున్నది జలుబు చేసిన గొంతులా పలుకుతుందనీ చెప్పేవాడు. తేడా అనిపిస్తే చాక్‌పీసు తీసి ఆ పెట్టె మీద ‘సిక్’ అని రాసేవాడు. ఆ మాట పడ్డాక ఎంత పెద్ద ఆఫీసరొచ్చి తొందరపెట్టినా ఆ పెట్టె ముందుకు కదిలేది కాదు. దాన్ని బండి నుంచి విడదీసి, రిపేరు కోసం ఉంచే సిక్ లైన్లోకి నెట్టాల్సిందే.

సుత్తిని డ్యూటీ గదిలో వదిలి వచ్చేవాడు గానీ అలవాటును వదిలి వచ్చేవాడు కాదు. ఎండాకాలంలో మంచినీళ్ల కుండ కొనాలంటే ఆ దుకాణంలో ఉన్న కుండలన్నీ మోగాల్సిందే. పుచ్చకాయల బండివాడు మా నాన్న వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, బండి తోసుకుని పక్క సందులోకి పోయేవాడు. మనుషుల మాటల్ని కూడా అలాగే వినేవాడు. పాలవాడు “పానీ నహీ మిలాయా సాబ్” అని, నీళ్లు కలపలేదని ఒట్టేస్తే, పాలగిన్నెలోకి చూడకుండా కళ్లు మూసుకుని ఆ మాట ఎలా పలికిందో ఆలోచించేవాడు. ఆ తర్వాత పాలు తీసుకునేవాడో, వెనక్కి పంపేవాడో దేవుడికే తెలియాలి.

ఇక నా సంగతి. నేను సైకిల్ అడిగితే దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడున్న సైకిళ్లన్నిటికీ ఏదో ఒక జబ్బు కనిపెట్టి, నన్ను నడిపించుకుంటూ తిరిగి తీసుకొచ్చాడు. స్కూలువాళ్లు మందిర్ హసౌద్ దగ్గర తోటలో పిక్నిక్ పెడితే, బస్సు టైర్లు చూసి నన్ను కిందికి దింపేశాడు. అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఎన్‌సీసీ క్యాంపు అంటే గుడారాల తాళ్లు ఎన్నాళ్ల నాటివని అడిగాడు. నా సరదాలన్నీ వరసగా సిక్ లైన్లోకి వెళ్లి, అక్కడే తుప్పు పట్టాయి.

మా అమ్మ నేను పలక పట్టకముందే పోయింది. మామూలు జ్వరమే, అదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. నాన్న ఆ మాట నమ్మి డ్యూటీకి వెళ్లాడట. “మీ అయ్య బతుకులో నమ్మింది ఆ ఒక్కసారేనే గుంటా” అనేది నన్ను పెంచిన నాన్నమ్మ. ఈ సంగతి తెలిసి కూడా నాకు నాన్న మీద కోపం తగ్గేది కాదు. జాలి వేరు, కోపం వేరు. ఆ రెండిటితోనూ పెరిగాను. వాటితో పాటు ఆయన అనుమానం కూడా నాకు వచ్చింది. బంగారమూ భూములూ లేని ఇంట్లో వారసత్వమంటే అదే.

తొంభైల మొదట్లో నేను జువాలజీతో బీఎస్సీ ఆఖరి ఏడు చదువుతున్నాను. మా కాలేజీ ల్యాబులో గోడ పొడుగునా సీసాలు ఉండేవి. వాటిలో నక్షత్ర చేపలు, సముద్రపు పూలనే జీవులు, పగడపు ముక్కలు, ఫార్మలిన్‌లో నాని నాని అన్నీ ఒకే పాలిపోయిన రంగు. వాటిని చూసి పెన్సిల్‌తో బొమ్మలు గీసి, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకునేవాళ్లం. రాయపూర్ నుంచి ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం దగ్గర్లో లేదు. చిన్నప్పుడు ఒక్కసారి విశాఖపట్నంలో సముద్రం చూశాను. చూశాను అంటే, నాన్న నా మణికట్టు పట్టుకుని తడి ఇసుక దాకా కూడా వెళ్లనివ్వకుండా నిలబెట్టి చూపించాడు.

ఒక రోజు మా జువాలజీ మేడం ల్యాబు కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, గోడ మీద స్లైడ్లు వేయించింది. స్లైడ్లు తెచ్చినాయన మేడం స్నేహితురాలి తమ్ముడు. కాకినాడ వైపు మనిషి, రామేశ్వరం దగ్గర మండపంలో ఉంటాడట. అక్కడ సముద్రంలో కొన్ని దీవులూ, వాటి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలూ రక్షిత ప్రాంతమనీ, అటవీ శాఖ అనుమతి తీసుకుని విద్యార్థుల్ని పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి తీసుకురావడం తన పని అనీ చెప్పాడు. కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దాల ముసుగు, నోట్లో పైకి తేలే గొట్టం. వాటితో నీళ్ల మీద బోర్లా తేలుతూ, ఊపిరి పీలుస్తూనే కింద ఉన్నవన్నీ చూడొచ్చు. దాన్ని స్నార్కెలింగ్ అంటారని చెప్పాడు. ఈత రాకపోయినా తేలే జాకెట్ ఇస్తాడట.

నేను మొదట నమ్మలేదు. ఆ గోడ మీద నీళ్లు మరీ నీలంగా ఉన్నాయి, ఎవరో నీలిమందు కలిపినట్టు. చేపల మీద పసుపు చారలు మరీ తిన్నగా ఉన్నాయి. ఆయన హిందీ కూడా మరీ తియ్యగా ఉంది. సముద్రం పక్కనుండే మనిషికి ఇంత దూరం వచ్చి మాకు ఇవి చూపించాల్సిన అవసరం ఏమిటని కూడా అనుకున్నాను. ఇంతలో ఒక స్లైడ్ వచ్చింది. సీసాలో నేను ఎన్నోసార్లు గీసిన సముద్రపు పువ్వు, అందులో పాలిపోయి ముడుచుకుపోయి ఉండేది, ఇక్కడ ఊదారంగులో వేళ్లన్నీ విప్పుకుని ఉంది. దాని మధ్య నుంచి ఒక చిన్న చేప నాకేసి చూస్తోంది. అది ప్రాణంతో ఉండగా చూడకుండా ఈ చదువు పూర్తి చేయకూడదనుకున్నాను. నా జీవితంలో అంతకుముందు ఏదీ అంత గట్టిగా కోరుకోలేదు.

స్లైడ్లు అయ్యాక ఆయన షరతులు చెప్పాడు. దేన్నీ ముట్టుకోకూడదు. పగడాల మీద నిలబడకూడదు. ఒక్క గవ్వ కూడా తీసుకురాకూడదు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి. తాను వద్దంటే పడవ ఎక్కాక కూడా వద్దు అన్నట్టే. ఆ తర్వాత ఏ రోజు వెళ్లాలో కూడా చెప్పాడు. పున్నమికీ అమావాస్యకీ అక్కడ నీటి లాగుడు ఎక్కువట, అందుకని రెండిటికీ మధ్యన వచ్చే అష్టమి పెట్టాడట. ప్రయాణం ఖాయమవ్వాలంటే ఆడపిల్లల ఇళ్లలో పెద్దవాళ్లు ప్రిన్సిపాల్‌ని కలిసి ఒప్పుకోవాలని మేడం చెప్పింది. మాతో ఉన్న మరో ఇద్దరమ్మాయిల నాన్నలూ రైల్వేవాళ్లే. “మీ నాన్న పంపితే మావాళ్లూ పంపుతారు, ఆయన ఒప్పుకున్నాక ఇంక భయమేముంటుంది” అన్నారు వాళ్లు. అంటే ముగ్గురి సముద్రం మా నాన్న నోట్లో ఉందన్నమాట.

ఆ సాయంత్రం నాన్న టీ తాగుతుండగా అంతా చెప్పేశాను. చెబుతూనే ఆయన అడగబోయే ప్రశ్నలకు జవాబులు మనసులో పేర్చుకుంటున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “ఠీక్ హై. ఎల్లు” అన్నాడు.

అంతే. టైర్ల గురించి అడగలేదు. తాళ్ల గురించి అడగలేదు. నాకు సంతోషం రావాలి. రాలేదు. ఒళ్లంతా అనుమానం వచ్చింది. సైకిల్ తొక్కనివ్వని మనిషి సముద్రంలో బోర్లా పడుకోవడానికి ఒప్పుకోవడమేమిటి? ఏదో ఉంది. ఆఖరి నిమిషంలో స్టేషన్లో బండి కింద దూరి, ఆ బండి మీదే సిక్ అని రాస్తాడేమోనని కూడా ఆలోచించాను.

అడ్డు నేను అనుకోని వైపు నుంచి వచ్చింది. నాన్నమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ అంతా వింది. “ఏ రోజంటావు?” అంది.

“అష్టమి నాడు నాన్నమ్మా.”

చాట కింద పెట్టేసింది. “ఒలే, సంద్రాన్ని ముట్టుకోడానికి ఓ రోజూ వారం నేదేటి? పున్నానికీ అమాసకీ తప్ప సంద్రంలో కాలెట్టకూడదు. అష్టమి నాడు ఎవుడెడతాడు? ఆ సెప్పినోడు ఎవుడో గాని ఆడికి సంద్రం తెల్దు, నేదంటే మిమ్మల్ని ఏటో సెయ్యాలని సూత్తన్నాడు.”

నేను ఆయన చెప్పిన కారణం చెప్పాను. పున్నమికి లాగుడు ఎక్కువని. ఆవిడ ఇంకా అనుమానంగా చూసింది. తరతరాలుగా జనమంతా పున్నమి నాడే మునుగుతుంటే ఈ ఒక్కడికి మాత్రం ఆ రోజు పనికిరాలేదా అంది. శ్రీకాకుళం వైపు మా ఊళ్లో సముద్ర స్నానానికి బళ్లు కట్టుకుని వెళ్లేది పున్నమికే. నాన్న ఇద్దరి మాటలూ విన్నాడు. ఎవరి వైపూ మాట్లాడలేదు. అదీ నాకు అనుమానమే.

రెండు రోజులు నాన్నమ్మ నాతో మాట మానేసింది. మూడో రోజు పొద్దున్న వాకిలి ఊడుస్తూ చటుక్కున ఆగి, “ఆ ఊరేటన్నావు?” అని అడిగింది.

“మండపం. రామేశ్వరం పక్కనే.”

“రామేశ్వరమంటే సేతువు కాదేటి!” చీపురు కింద పడేసింది. “ఒసే పిచ్చిదానా, ముందే సెప్పొద్దా? సేతువు కాడ సంద్రానికి రోజు సూడక్కర్నేదు. ఎప్పుడు మునిగినా పుణ్యమే.” అప్పటికప్పుడు ముఖం వెలిగిపోయింది. కాసేపు ఆలోచించి, “మరైతే ఆ దీవి కాడ ఇసక గుప్పెడు తే. కాశీలో గంగలో కలపాల” అంది. ఇసుక కూడా తీసుకురాకూడదన్న షరతు చెప్పగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇసుక ఎవరిదైనా సొత్తా, ఆ మనిషి దాన్ని అమ్ముకుంటున్నాడేమో కనుక్కోమంది. ఇసుక రామేశ్వరం ఒడ్డు నుంచి తెస్తానని ఒట్టు పెట్టాక గానీ వదల్లేదు.

ఆ వారంలోనే స్లైడ్లు చూపించిన ఆ గైడుని నాన్న టీకి పిలిచాడు. ఆయన భిలాయిలో అక్క ఇంట్లో ఉన్నాడు, తిరిగి వెళ్లేలోగా వచ్చాడు. భుజాన సంచిలో ముసుగూ గొట్టమూ తెచ్చాడు. నాన్నమ్మకి వంగి దండం పెట్టి, “మామ్మగారూ, మీ మనవరాలిని జాగ్రత్తగా తీసుకొస్తానండి” అన్నాడు. నాన్నమ్మ మంచి మర్యాద తెలిసినవాడంది. నాకు మాత్రం ఆ మర్యాద కూడా కాస్త ఎక్కువనిపించింది.

నాన్న గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, ఒక చివర బొటనవేలితో మూసి, రెండో చివర నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. బళ్లకి బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడైనా కారుతోందేమో చూసే పద్ధతి ఆయనది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు బయటికొచ్చాయి. నవ్వొచ్చింది గానీ నవ్వితే ప్రయాణం పోతుందని పళ్ల మధ్య పెదవి పెట్టుకున్నాను. తర్వాత ముసుగుకున్న రబ్బరు పట్టీని సాగదీసి దీపం దగ్గర చూశాడు.

“ఇక్కడ సన్నగా క్రాక్ ఉంది బాబూ.”

“అది చూపించడానికి తెచ్చిన పాతదండి. అక్కడ వేరే ఉంటాయండి.”

నాన్న తలాడించాడు. టీ సగం తాగనిచ్చి, మామూలుగా అడుగుతున్నట్టే అడిగాడు. “నువ్వు తీసుకెల్లినోల్లలో ఎవరికైనా ఏదన్నా అయిందా బాబూ?”

గైడు గ్లాసులోకి చూశాడు. కాసేపు ఆగాడు. “లేదండి” అన్నాడు.

ఆయన వెళ్లాక తలుపు గడియ వేసి నాన్న వచ్చి కూర్చున్నాడు. “ఆ లేదు సౌండ్ బాగోనేదు” అన్నాడు.

అది నాకూ వినిపించింది. ఆ ‘లేదు’ గంటలా మోగలేదు. ఇంక అయిపోయింది, చాక్‌పీసు తీస్తాడు అనుకుంటూ నిలబడ్డాను. “బట్టలు సర్దుకోడానికి ఏ సంచి కావాలి?” అని అడిగాడు నాన్న. ఆ రోజు నుంచి నేను గైడు మీద అనుమానం మానేసి, నా అనుమానమంతా నాన్న మీదే పెట్టాను.

మేడం కాలేజీ డబ్బుతో తెప్పించిన ముసుగూ గొట్టమూ మేం ముగ్గురం వంతులవారీగా ఇంటికి తెచ్చుకునేవాళ్లం. రాయపూర్‌లో చెరువులకేం కొదవ లేదు. కానీ నలుగురూ చూస్తుండగా ఆడపిల్ల అద్దాలు పెట్టుకుని చెరువులో బోర్లా పడుకోవడం మా కాలనీలో కుదిరే పని కాదు. అందుకని పెరట్లో గుడ్డలు ఉతికే సిమెంటు తొట్టిలో సాధన. మోకాళ్ల మీద కూర్చుని మొహం నీళ్లలో ముంచి, గొట్టంలోంచి ఊపిరి తీసేదాన్ని. మొదట్లో నీళ్లు మింగి దగ్గి చచ్చాను. నాన్నమ్మ పక్కన పీట వేసుకుని, “పీల్చు... వొదులు... పీల్చు...” అని మంత్రసానిలా పురమాయించేది.

పక్కింటావిడ గోడ మీంచి చూసి రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు అడిగేసింది. “అమ్మాజీ, బిటియా కో దమా హై క్యా?” నాకు ఆయాసం రోగమనీ, ఇది దానికి కొత్త వైద్యమనీ ఆవిడ అనుమానం. ఉబ్బసం ఉన్న పిల్లని రేపు ఎవరు చేసుకుంటారని కాలనీ అంతా నా గురించి చింతించడం మొదలుపెట్టింది. నేను వెళ్లి తగువు పెట్టుకుంటానంటే నాన్నమ్మ ఆపింది. సముద్రంలో మునగబోతోందని చెబితే ఇంకా ఎక్కువ అనుకుంటారంది.

ఈ సాధన జరిగినన్ని రోజులూ నాన్న పెరటి గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. నేను తల పైకెత్తేసరికి ఆయన చూపు నా మీద కాకుండా గొట్టం చివర మీద ఉండేది. నేను కూడా ఆయన్ని కనిపెట్టడం మొదలుపెట్టాను. డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తున్నాడు. నేను గదిలోకి వెళితే నాన్నమ్మతో చెబుతున్న మాట ఆపేస్తున్నాడు. ఒకసారి ఊరి చివర భన్‌పురిలో పని ఉందని వెళ్లి, చేతిలో ఏదో పొట్లంతో వచ్చి, నేను చూసేలోపే బీరువాలో పెట్టేశాడు.

మరో రెండు రోజులకి ఆ పొట్లం గుట్టు బయటపడింది. కాలేజీ నుంచి వచ్చేసరికి పెరట్లో తీగ మీద కొత్త ఖాకీ నిక్కరు ఆరుతోంది. మా ఇంట్లో నిక్కరు వేసుకునే వయసువాళ్లు ఎవరూ లేరు. మా నాన్న మోకాళ్లు ఎలా ఉంటాయో నేను పుట్టాక చూడలేదు.

“నాన్నమ్మా, ఈ నిక్కరు ఎవరిది?”

“నాకేటి తెల్సు?” అంది, నాకేసి చూడకుండా.

“నాన్నమ్మా!”

ఇంక ఆవిడ వల్ల కాలేదు. “మీ అయ్యదే. సంద్రంలో దిగితే ప్యాంటు బరువెక్కుద్దట, కుట్టించుకున్నాడు. ఆడపిల్లలతో ఓ పెద్దోడుండాలని మీ ప్రిన్సిపాలు అన్నాడట. నువ్వడిగినప్పుడే తానూ ఎల్దామనుకున్న మీ అయ్య, నానెల్తానని ఆ రోజే సెప్పొచ్చేసినాడు. నీతో అనొద్దన్నాడు.”

అదీ సంగతి. అందుకన్నమాట ‘ఠీక్ హై’. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న రాగానే ఆ నిక్కరు తీగ మీంచి లాగి ఆయన ముందు వేశాను. నా పేరు చెప్పుకుని నేను ఒక్క అడుగైనా వేయకూడదా అని అడిగాను. అందరి ముందూ ప్రతి వస్తువునీ తట్టి నా పరువు తీస్తావన్నాను. అక్కడికి వెళ్లి సముద్రాన్ని కూడా తట్టి చూస్తావా అన్నాను. నాన్న నిక్కరు తీసి మడతపెట్టాడు.

“నేను రాకపోతే నువ్వూ ఎల్లవు. మిగతా ఇద్దరూ ఎల్లరు. నీ ఇష్టం” అన్నాడు.

ఆ మాట గంటలాగే మోగింది. అందులో పగులేమీ లేదు. రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట తినేశాను. ఆ పువ్వును చూడాలి. దాని కోసం నాన్నని కూడా భరించాలి. అంతకు మించి దారి లేదు.

నాగపూర్, మద్రాసు మీదుగా ప్రయాణం. నేను అనుకున్నట్టే ప్రతి పెద్ద స్టేషన్లోనూ దిగి మా పెట్టె కిందికి చూసి వచ్చాడు. మద్రాసులో చిన్న పట్టాల బండి ఎక్కినప్పుడు, “ఇంత సన్నం పట్టాల మీద ఇన్ని పెట్టెలా” అని రాత్రంతా కూర్చునే ఉన్నాడు. మా క్లాసు అబ్బాయిలు ఆయనకి ఏదో పేరు పెట్టి నవ్వుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి ఆయన నా నాన్న కానట్టు కూర్చున్నాను.

మండపంలో తెల్లవారుతుండగా రేవుకు వెళ్లాం. సముద్రం నిజంగానే ఆ స్లైడ్లలో ఉన్న రంగులోనే ఉంది. నీలిమందు ఎవరూ కలపలేదు. గైడు జాకెట్లు, కొత్త ముసుగులు పంచాడు. నాన్న ప్యాంటు కింద నిక్కరు వేసుకుని, అందరికన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“బాబూ, ఆ రోజు అడిగింది మల్లీ అడుగుతున్నాను. ఎవరికైనా ఏదన్నా అయిందా?”

గైడు ఈసారి గ్లాసు లేని చేతుల్లోకి చూసుకున్నాడు. “ఒకాయన పోయాడండి” అన్నాడు మెల్లగా. “నీళ్లలో కాదండి. తిరిగొచ్చి ఈ ఇసుకలోనే కూర్చుని, చాలా బాగుందని చెబుతూ చెబుతూ గుండె ఆగిపోయిందండి. నా తప్పేం లేదని అందరూ అన్నారండి. అయినా ఎవరడిగినా నాకు గొంతు ఆగిపోతుందండి.”

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “ఇప్పుడు బాగుంది సౌండు” అన్నాడు. నాకు ఊపిరి తిరిగింది. కానీ దానితో పాటే ఇంకో సంగతి కూడా తెలిసింది. నాన్న చెవి తప్పు వినలేదు.

పడవ చెక్కది, పెద్దది, పాతది. మేడం, అబ్బాయిలు, మా ఇద్దరమ్మాయిలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. నాన్న నిక్కరు దాకా నీళ్లలో దిగి, ప్యాంటు తడుస్తున్నా పట్టించుకోకుండా, ఒడ్డున దొరికిన రాయితో పడవ పక్క పలకల్ని తట్టుకుంటూ వెళ్లాడు. టక్, టక్, టక్. పడవ నడిపే తమిళాయన నవ్వుతూ చూస్తున్నాడు. మధ్యలో ఒక చోట నాన్న ఆగాడు. మళ్లీ తట్టాడు. చెవి ఆనించి ఇంకోసారి తట్టాడు.

“ఈ పలక సిక్” అన్నాడు. “ఇది తీసి వేరే పడవ పెట్టండి.”

వేరే పడవ లేదు. అనుమతి ఆ ఒక్క పడవకీ, ఆ ఒక్క రోజుకీ. తడి చెక్క అలాగే పలుకుతుందనీ, ఇది రోజూ తిరిగే పడవేననీ గైడు చెప్పాడు. తమిళాయన ఆ పలకని కాలితో తన్ని చూపించాడు. మేడం గడియారం చూసుకుంది. నాన్న వినలేదు. “మీరెల్తే ఎల్లండి. నా కూతురు ఎక్కదు, నేనూ ఎక్కను” అని ఒడ్డుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పుడు విశాఖపట్నంలో పట్టుకున్నంత గట్టిగానే పట్టుకున్నాడు.

నాకు భయమేసింది. అబద్ధం చెప్పను, చాలా భయమేసింది. ఆయన చెవి మీద నాకు నమ్మకముంది. చెక్కకీ ఇనుముకీ తేడా ఉంటుందనీ తెలుసు, ఏది నిజమో తెలియదు. తెలిసింది ఒక్కటే. ఇప్పుడు ఒడ్డున ఆగిపోతే ఇంక నేను దేన్నీ ఎక్కను. బస్సు టైర్లు, గుడారాల తాళ్లు, పడవ పలకలు చూసుకుంటూ ఒడ్డునే ముసలిదాన్నవుతాను. చెయ్యి విడిపించుకున్నాను. నాన్న తనంతట వదల్లేదు, మళ్లీ పట్టుకోనూ లేదు. “నేను ఎక్కుతున్నాను నాన్నా” అని చెప్పి, నీళ్లలోకి దిగి, అబ్బాయి ఎవరో చెయ్యి అందిస్తే పడవలోకి ఎక్కాను. జన్మలో ఆయన మాట కాదని చేసిన మొదటి పని అది.

ఇంజను స్టార్టయింది. నేను ఒడ్డు వైపు చూడలేదు. చూస్తే దిగిపోతానని తెలుసు. దూరంగా దీవి మీద చెట్లు సన్నటి గీతలా కనిపిస్తున్నాయి, వాటినే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో పడవ ఒక పక్కకి ఒరిగింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న. చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన ప్యాంటుతో అంచు మీంచి లోపలికి ఎక్కుతున్నాడు. తాను సిక్ అన్న పెట్టెని ఆఫీసర్లు బతిమాలినా కదలనివ్వని మనిషి, తానే సిక్ అన్న పడవలోకి వచ్చేస్తున్నాడు. అబ్బాయిలు జరిగి దారిచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన నేరుగా వచ్చి ఆ పలక పక్కనే, నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. స్టేషన్లో బండి ఇరుసు వేడెక్కిందేమో చూసినట్టు అరచెయ్యి వెనకభాగం ఆ చెక్కకి ఆనించాడు. ఒడ్డు వెనక్కి పోవడం మొదలైంది.

“ఇది సిక్ అన్నావు కదా నాన్నా” అన్నాను.

“అన్నాను. ఇప్పుడూ అదే అంటన్నాను.”

“మరెందుకు ఎక్కావు?”

ఆయన చెయ్యి పలక మీంచి తీయలేదు. నాకేసి తిరగనూ లేదు.

“నువ్వు కిందకి దిగి సేపల్ని సూసుకో అమ్మా” అన్నాడు. “నేను ఈ పలక సూత్తుంటాను.”